రోడ్డెక్కితే ఉద్యోగాలు వస్తాయా?

ఉద్యోగాల కోసం యువత ధర్నాలకు దిగితే ఏమైనా ప్రయోజనం ఉంటుందా, ఆ సమయం చదువుకు పెట్టుకుంటే మేలు కదా అని మీరు అడిగారు. చదవనివారే రోడ్డెక్కుతారన్న ఊహ ఈ ప్రశ్నలో ఉంది. అది తప్పని నేను ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాను.

ఆ రోజు ఊరేగింపు రావడంతో నేనెక్కిన బస్సు కూడలిలో ఆగిపోయింది. దిగి గంటన్నరసేపు కాలిబాట మీద నిలబడ్డాను. నినాదాలు ఇప్పుడు గుర్తులేవు కానీ, ఒక యువకుడి చేతిలోని అట్టముక్క గుర్తుంది. దాని మీద అతని పుట్టినతేదీ తప్ప మరేమీ రాసి లేదు. అదేమిటని పక్కనున్న అతని మిత్రుడిని అడిగితే, అతనికి వయోపరిమితి దాటడానికి ఇంకా నలభై రోజులే ఉన్నాయనీ, నోటిఫికేషన్ మాత్రం వాయిదా పడుతూనే ఉందనీ చెప్పాడు. కొంచెం అవతల ఒక అమ్మాయి డివైడర్ మీద కూర్చుని, నినాదం వచ్చినప్పుడల్లా పిడికిలి ఎత్తుతూ, మధ్యమధ్యలో ఒళ్లోని నోట్సులో పెన్సిలుతో గీతలు గీసుకుంటూ ఉంది. చదువు మానుకుని వచ్చిందని ఆమెను చూసినవారెవరూ అనలేరు.

నేనూ ఆ దారిలో నడిచినవాడినే. నేను రాసిన పరీక్ష రద్దయింది; మరో నోటిఫికేషన్ వచ్చేసరికి నాకు వయసు దాటిపోయింది. మాలో ఒక్కరమూ బయటికి వచ్చి అడగలేదు, ఓపిక పట్టడమే పద్ధతి అనుకున్నాము. ఆ ఓపికను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సాయంత్రం వార్తల్లో ట్రాఫిక్ ఎంతసేపు నిలిచిపోయిందో వివరంగా చెప్పారు గానీ, ఎన్ని ఖాళీలు ఎన్నాళ్లుగా భర్తీ కాకుండా ఉన్నాయో ఒక్క మాటైనా చెప్పలేదు. ఈ పద్ధతి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇక ఫలితం సంగతి. 26 ఏళ్ల లోపు వారిని మొదటి రెండేళ్లలో కారణం చూపకుండానే ఉద్యోగం నుంచి తీసివేసే వీలు కల్పిస్తూ 2006లో ఫ్రాన్స్ ఒక చట్టం తెచ్చినప్పుడు, విద్యార్థులు, కార్మిక సంఘాలు కలిసి వీధుల్లోకి వచ్చారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆ నిబంధనను విరమించుకుంటున్నట్టు ప్రకటించింది. బంగ్లాదేశ్‌లో కోటాలపై ఆందోళన ఎందరో ప్రాణాలు కోల్పోయేంత దూరం వెళ్లాక, 2024 జులై 21న అక్కడి సుప్రీంకోర్టు 93 శాతం ప్రభుత్వోద్యోగాలను ప్రతిభ ఆధారంగానే ఇవ్వాలని తీర్పునిచ్చింది. రెండుచోట్లా ఉద్యమకారులు ఎవరికి వారు ఒకే ఒక్క స్పష్టమైన కోరికను ముందుపెట్టారు. అలా అడిగిన ఉద్యమమే గెలుస్తుందని నా నమ్మకం.

నేను చూసిన ఆ యువత కూడా నోటిఫికేషన్ తేదీ ఒక్కటే అడిగింది. అంతకుముందు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా రాని ఆ తేదీ, వారు కూడలిలో కూర్చున్న పదిహేను రోజులకు వచ్చింది. అది కాకతాళీయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.