జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలా?

అక్కర్లేదు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి ఆ రక్షణ వర్తించదని రాజ్యాంగంలోని 22వ అధికరణమే చెబుతోంది. మామూలు అరెస్టు జరిగిపోయిన నేరానికి సంబంధించినది కాగా, 1980 నాటి ఈ చట్టం దేశ భద్రతకో ప్రజాశాంతికో ముందుముందు భంగం కలగకుండా ఆపడానికి ఉద్దేశించినది. ఇందులో అభియోగమూ విచారణా ఉండవు కాబట్టి బెయిలు ప్రసక్తే రాదు. ఇంతటి అధికారానికి కొన్ని హద్దులూ పెట్టారు: సాధారణంగా 5 రోజుల్లో కారణాలు తెలపాలి, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో పరిశీలించే సలహా మండలికి 3 వారాల్లో నివేదించాలి, నిర్బంధం 12 నెలలు మించకూడదు. ఆ మండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు మాత్రం లేదు, నా దృష్టిలో ఇది పెద్ద లోపమే.

ఇక కోర్టుకు వెళ్లే దారే ఉండదని చాలామంది అనుకుంటారు కానీ అది సరికాదు, హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును కోరే పిటిషన్) ఎప్పుడైనా వేయవచ్చు. ఉదాహరణకు, అలీగఢ్‌లో చేసిన ప్రసంగం కేసులో బెయిలు వచ్చినా విడుదల కాకముందే, 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌కు చెందిన డాక్టర్ కఫీల్ ఖాన్‌ను ఈ చట్టం కింద నిర్బంధించారు. ఆయన తల్లి వేసిన పిటిషన్‌పై అలహాబాద్ హైకోర్టు 2020 సెప్టెంబరు 1న ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రసంగం ఉన్న సీడీని ఆయనకు ఇచ్చి, దాన్ని చూసేందుకు పరికరం ఇవ్వకపోవడం వల్ల తన వాదన చెప్పుకునే హక్కుకు భంగం కలిగిందని కూడా కోర్టు తేల్చింది.