బెంజ్ ఇచ్చేసి మస్టాంగ్ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం నాది. వయసు 47. 2019 జూన్‌లో ఫర్మ్ పేరు మీద బెంజ్ ఈ-క్లాస్ డీజిల్ కొన్నాను. బండికి వంక పెట్టడానికేం లేదు. డ్రైవర్ నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను. అదే నా బాధ. ఇరవై ఏళ్లుగా ఫోర్డ్ మస్టాంగ్ మీద మనసు. హైదరాబాద్‌లో 2018 బండి ఒకటి 55 లక్షలకు ఉంది. నా బెంజ్‌కు 32 లక్షలు ఇస్తామంటున్నారు. మిగతా 23 లక్షలు కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు మీద బ్యాంకులో తీసుకుందామనుకుంటున్నా. డ్రైవర్ జీతం నెలకు 18 వేలు ఎలాగూ మిగులుతుంది. ఎఫ్‌డీలు 40 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 38 లక్షలు ఉన్నాయి. లక్ష్మీపురంలో ఇంటి లోను ఇంకో 18 లక్షలు. అబ్బాయి బీటెక్ ఆఖరి ఏడాది, అమెరికాలో ఎంఎస్‌కు అప్లై చేశాడు. అమ్మను నెలకోసారి మోకాళ్ల డాక్టరుకు చూపించడానికి విజయవాడ తీసుకెళ్లాలి, సీజన్‌లో సరుకు కొనే పార్టీలను గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకోవాలి. ఆదివారంలోగా లక్ష టోకెన్ ఇవ్వమంటున్నారు. ఇచ్చేయనా?

జవాబు: ఇవ్వకండి. ఆదివారం దగ్గర్లోనే ఉంది కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నా. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

బెంజ్ సర్కిల్ ఉన్న ఊళ్లో కూర్చుని బెంజ్ అమ్మొద్దని చెబుతున్నానని నవ్వుకోకండి. నాకు బెంజ్ మీద ప్రేమా లేదు, మస్టాంగ్ మీద కోపమూ లేదు. అయిదు లీటర్ల వీ8 ఇంజిన్ స్టార్ట్ చేస్తే వచ్చే ఆ గురగుర ఛాతీలో ఎలా మోగుతుందో నాకూ తెలుసు. మీ కోరికతో నాకు పేచీ లేదు. మీరు వేసిన లెక్కతోనే పేచీ.

ఇలాంటి కారు అనగానే ఇంట్లో వాళ్లు మొదట అడిగేది మైలేజీ. సరే, దాన్ని ముందే తేల్చేద్దాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు అనుకోండి. మీ డీజిల్ బండి లీటరుకు 13 ఇస్తే, లీటరు 97 చొప్పున ఏడాదికి 75 వేలు. మస్టాంగ్ ఊళ్లోనూ హైవే మీదా కలిపి 6 ఇస్తే, లీటరు 110 చొప్పున లక్షా 83 వేలు. తేడా లక్షా 8 వేలు, అంటే మీరు మిగులుతుందనుకున్న డ్రైవర్ జీతంలో సరిగ్గా సగం. 55 లక్షల బండి కొనేవాడిని ఇది ఆపదు, ఆపక్కర్లేదు కూడా.

అసలు పొరపాటు ఇంకోచోట ఉంది. మీరు దీన్ని మార్పిడి అనుకుంటున్నారు, ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకోవడం అని. మీ ఉత్తరంలోనే మీ అమ్మగారున్నారు, గన్నవరంలో దిగే పార్టీలున్నారు. వాళ్లందరినీ మోస్తున్నది ఆ బెంజ్. 2017 నుంచి మనకు వచ్చిన ఈ-క్లాస్ వెనక సీటు కోసమే పొడవు పెంచిన మోడల్. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3,079 మిల్లీమీటర్లు. మస్టాంగ్‌లో అది 2,720. మూర కంటే కాస్త తక్కువ ఉండే ఆ తేడా ఎక్కడ పోయిందో మస్టాంగ్ వెనక సీట్లో కూర్చుంటే తెలుస్తుంది.

నేను కూర్చున్నాను. విజయవాడలో నా క్లయింటు ఒకాయన కొన్న కొత్తలో, "మంగళగిరి దాకా వెళ్లొద్దాం రండి" అన్నారు. ముందు సీట్లో ఆయన బావమరిది ఉన్నాడు కాబట్టి నాకు వెనక సీటే దక్కింది. ముందు సీటు మడిచి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు ఎలా తేవాలో ఆలోచించుకుని ఎక్కాను. మోకాళ్లు ముందు సీటుకు తగిలాయి, తల వాలుగా ఉన్న అద్దానికి తగిలింది. దిగేటప్పుడు గవర్నర్‌పేటలో పక్క కారుకూ మాకూ మధ్య జానెడు సందే ఉంది. ఆ తలుపులు బారెడు పొడవు, పూర్తిగా తెరుచుకోవు. బండిని మళ్లీ బయటికి తీస్తే గానీ నేను దిగలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అందులో ఎక్కే ప్రశ్నే లేదు. ఆ క్లయింటు ఎనిమిది నెలలు తిరక్కుండానే సెకండ్ హ్యాండ్ ఇన్నోవా కొన్నారు. మస్టాంగ్ ఇప్పుడు కవర్ కప్పుకుని సెల్లార్‌లో ఉంటుంది, ఆదివారం పొద్దున్నే బయటికి వస్తుంది.

మీరూ అదే చేస్తారు. మంచి ఇన్నోవా సెకండ్ హ్యాండ్‌లో 20 లక్షలు వేసుకోండి. అప్పుడు మీ 23 లక్షల తేడా 43 లక్షలవుతుంది. ఆ ఇన్నోవా నడపడానికి డ్రైవర్ ఉండాలి కాబట్టి ఆ 18 వేలూ మిగలవు. ఇంత చేసి మీ అమ్మగారికి దక్కేది ఇప్పుడున్నదాని కంటే తక్కువ బండి.

ఇక పన్ను సంగతి. మీ బెంజ్ ఫర్మ్ పుస్తకాల్లో ఉంది. 70 లక్షలకు రాసుకుని ఏటా 15 శాతం తరుగుదల చూపిస్తూ వచ్చి ఉంటారు. ఆరేళ్ల తరుగుదల పోతే పుస్తకాల్లో మిగిలే విలువ సుమారు 26 లక్షల 40 వేలు. దాన్ని 32 లక్షలకు అమ్మితే, మీ దృష్టిలో 38 లక్షలు పోయినట్టు. పన్ను వాళ్ల దృష్టిలో మాత్రం మీకు 5 లక్షల 60 వేలు లాభం. ఆ 15 శాతం బ్లాకులో, అంటే అదే రేటున తరుగుదల లెక్కేసే ఆస్తుల గుంపులో, ఫర్మ్‌కు ఇంకే మెషినరీ లేకపోయినా, ఉన్నది నామమాత్రమైనా, ఆ మొత్తం స్వల్పకాలిక మూలధన లాభం కింద లెక్కకొస్తుంది. ఫర్మ్‌కు సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే దాదాపు లక్షా 75 వేలు. సొంత పేరు మీదున్న కారైతే ఈ గొడవ ఉండేది కాదు, ఎందుకంటే సొంత వాడకం కారు మూలధన ఆస్తి కిందికి రాదు. అందుకే "మా బావ కారు అమ్మితే పన్ను పడలేదు" అని ఎవరైనా అంటే, ఆ బావ కారు ఎవరి పేరు మీదుందో అడగండి.

దీని మీద జీఎస్టీ కూడా ఉంది. చాలామంది వ్యాపారులకు ఇది అమ్మాకే తెలుస్తుంది. జీఎస్టీ నంబరున్న ఫర్మ్ తరుగుదల తీసుకున్న పాత కారును అమ్మితే, అమ్మిన ధరకూ పుస్తకాల్లోని విలువకూ ఉన్న తేడా మీద పన్ను కట్టాలి. మీది లాంటి పెద్ద డీజిల్ కారుకు అది 18 శాతం. మీ లెక్కలో ఇంకో లక్ష. రెండూ కలిపితే 32 లక్షల్లో మీ చేతికొచ్చేది 29 లక్షల పైచిల్లరే.

మస్టాంగ్‌ను కూడా ఫర్మ్ పేరు మీదే కొంటే ఆ మూలధన లాభం ఈ ఏటికి తప్పుతుంది, కొత్త బండి విలువ అదే బ్లాకులో కలుస్తుంది కాబట్టి. జీఎస్టీ మాత్రం తప్పదు. అయితే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మిర్చి కమిషన్ వ్యాపారానికి ఎందుకు అవసరమైందని అధికారి అడిగితే మీ ఆడిటర్ ఏం చెబుతారో ముందే కనుక్కోండి. సొంత వాడకం కింద కొంత ఖర్చు కొట్టేసే హక్కు వాళ్లకుంది. సొంత పేరు మీద కొంటే, ఫర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ మీద ఇన్నేళ్లుగా కూడిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీ వెంట రాదు. అది ఎవరి పేరున పాలసీ ఉంటే వాళ్లకే.

ఇంతకంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీరు డబ్బు తెస్తానన్న చోటు. కోల్డ్ స్టోరేజీ సరుకు మీద లోను వ్యాపారం తిరగడానికి. సరుకు అమ్మగానే తీరాల్సిన అప్పు అది. దాన్ని తీసి కారులో పెడితే, సరుకు అమ్మిన రోజు బ్యాంకుకు కట్టే డబ్బులో 23 లక్షలు తక్కువవుతాయి. యార్డులో ఉన్న మీకు నేను మిర్చి ధరల గురించి చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా 2025 ఫిబ్రవరిని ఒకసారి గుర్తుచేసుకోండి. రెండేళ్ల ముందు తేజ రకం మిర్చి క్వింటాలు 20 వేలు దాటిన చోట, చివరికి కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ధర పెరుగుతుందని మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపల పెట్టి కూర్చున్నవాళ్లను, సరుకు విలువ పడింది కాబట్టి ఆ తేడాకు మార్జిన్ డబ్బు కట్టమని బ్యాంకులు అడిగితే ఎలా ఉంటుందో మీ పక్క కొట్లోనే చూసి ఉంటారు. సరుకు విలువ సగానికి పడ్డ ఏడాదే కారు విలువ కూడా పడుతుంది. ఎందుకంటే మన దగ్గర ఇలాంటి కార్లు కొనేదీ మీలాంటి వ్యాపారులే.

కారు లోనే తీసుకుంటే? 23 లక్షలు, 11 శాతం, అయిదేళ్లు. నెలకు 50 వేల కిస్తీ, మొత్తం మీద 7 లక్షల వడ్డీ. కనీసం ఇది నిజాయితీ ఉన్న అప్పు, దేనికి తీసుకున్నారో దాని పేరుతోనే ఉంటుంది. కానీ ఇంటి లోను పక్కన ఇంకో కిస్తీ.

ఎఫ్‌డీల జోలికి అసలు వెళ్లకండి. అవి మీవి కావు, మీ అబ్బాయివి. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రావాలంటే మొదటి ఏడాది ఫీజూ ఖర్చులూ భరించగలమని బ్యాంకు కాగితంతో చూపించాలి. ఆ సమయానికి డబ్బు చూపించదగ్గ చోట ఉండాలి. ఎడ్యుకేషన్ లోను తీసుకున్నా సరే, మొదటి సెమిస్టర్ గడిచేదాకా ఆ 40 లక్షలు కదలకూడదు.

"ఈ బండి ధర పడదు, పైగా పెరుగుతుంది" అని డీలర్ చెప్పే ఉంటాడు. సగం నిజం. 2016లో మనకు వచ్చినప్పుడు మస్టాంగ్ జీటీ షోరూమ్ ధర 65 లక్షలు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక షోరూముల్లో అమ్మకం ఆగింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీయే ఆపుతున్నామని ప్రకటించింది. తక్కువ బండ్లున్నాయి కాబట్టి ధర నిలబడింది. అయితే తక్కువ బండ్లున్న చోట కొనేవాళ్లూ తక్కువే. మీకు డబ్బు అవసరమైన వారమే కొనేవాడు దొరకాలని రూలేమీ లేదు. ఆటోనగర్‌లో దొరకని సామాను ఉండదని మనకో గర్వం. దీని సామాను మాత్రం అక్కడ అడిగితే ఫోన్ తీసి ఎవరికో చేస్తారు. ముందు టైర్లు 255, వెనకవి 275. వాటిని అటూ ఇటూ మార్చి వాడుకోవడానికి కుదరదు, నాలుగూ ఒకేసారి వేస్తే లక్ష దాటుతుంది.

మరి కోరిక? ఉంచుకోండి. నేను చేయమనేది ఇది. బెంజ్ అమ్మొద్దు. దాని మీద పోవాల్సిన విలువ చాలావరకు పోయింది, ఇకపై ఏటా పోయేది తక్కువ. దాన్ని వాడుకునే కాలం ఇదే. వచ్చే సీజన్ సరుకు అమ్ముడై, బ్యాంకులో సరుకు లోను ఖాతా సున్నాకు వచ్చి, అబ్బాయి విమానమెక్కాక, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే మే నెలలో మళ్లీ కూర్చోండి. సీజన్ లాభంలోంచి ఒక 30 లక్షలు పక్కన పెట్టగలిగితే, మిగతాది కారు లోను తీసుకుని, మీ సొంత పేరు మీద, బెంజ్‌కు తోడుగా కొనుక్కోండి. 30 లక్షలు మిగలని సీజనైతే అది మస్టాంగ్ కొనే ఏడాది కాదు. ఫండ్స్ అమ్మి కొంటానంటే మాత్రం నేను ఒప్పుకోను, అది మీ రిటైర్మెంటు. వ్యాపారికి పీఎఫ్ ఉండదు కదా.

అప్పుడు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. తెలంగాణ బండి కాబట్టి అక్కడి నుంచి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. అక్కడ కట్టిన పన్నులో కొంత వెనక్కి అడగొచ్చు గానీ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈ ఖర్చు 55 లక్షల్లో లేదు, డీలర్ చెప్పడు. బండి మీద పాత లోను ఉంటే ఆర్సీలో దాన్ని తీసేయించాకే డబ్బివ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో చూశాం. ఏ ఊళ్లో మునిగిన బండైనా కడిగి, పాలిష్ పట్టి ఇంకో ఊళ్లో అమ్ముతారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. ఈ కారు నేల నుంచి 137 మిల్లీమీటర్ల ఎత్తే. వాన పడితే మీ గుంటూరు మూడు వంతెనల కింద నుంచి వెళ్లే సాహసం చేయకండి, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ కవర్ దొరికితే తప్పకుండా తీసుకోండి.

డీలర్‌కు ఫోన్ చేసి, ఛాసిస్ నంబరు, సర్వీస్ రికార్డు, పాత క్లెయిముల వివరాలు పంపమనండి. మే దాకా ఆగుతానని చెప్పండి. బండి చేజారిపోతుందని భయపెడతాడు. 55 లక్షలు పెట్టి రెండు తలుపుల కారు కొనేవాళ్లు ఆదివారానికి ఎంతమంది వస్తారో అతనికీ తెలుసు.