అమ్మమ్మ డబ్బుల వాచీ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఉద్యోగం వచ్చిందని అమ్మమ్మ తన పెన్షన్ లోంచి పదిహేను వేలు తీసి నీ చేతిలో పెట్టిందట, నువ్వేమో వాటితో వాచీ కొంటానన్నావట. అందరూ ఫోన్లో టైము చూసుకునే ఈ రోజుల్లో నీకా ఆలోచన వచ్చినందుకు మురిసిపోయాను. ఇంతలో మీ అమ్మ "కొని బీరువాలో భద్రంగా దాచుకుంటుందట" అంది. ఇంక నాకు నిద్ర పట్టలేదు.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. బిల్లు తీసుకో. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకో. నీళ్ళను తట్టుకుంటుందంటూ దాని మీద 30 మీటర్లు అని రాసి ఉందని దాంతో ఈతకు దిగకు, చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకుల వరకే ఆ మాట. స్మార్ట్ వాచీ వద్దు. పాతికేళ్ళ తర్వాత దానికి బ్యాటరీ ఎవరు వేస్తారు?

నెట్‌లో పాత హెచ్‌ఎంటీ వాచీలు చూస్తున్నావని కూడా విన్నాను. హెచ్‌ఎంటీ అంటే నాకూ ప్రాణమే. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. మీ తాతయ్య తన హెచ్‌ఎంటీ జనతా వాచీకి రోజూ పళ్ళు తోముకోగానే కీ ఇచ్చేవాడు, ఆ తర్వాతే కాఫీ. ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు నెట్‌లో తళతళలాడుతూ కనిపించే వాటిలో చాలా వాటికి డయల్ మీద కొత్తగా రంగు వేసి, లోపల నాలుగు వాచీల సామాను కలిపి ఉంటారు. తెలిసిన మనిషి విప్పి చూడకుండా కొన్నావంటే నీ వీపు చిట్లుతుంది, చెప్తున్నా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1989లో నేను ఇంటర్ పాసైనప్పుడు మా తాతయ్య, అంటే అమ్మమ్మకి మామగారు, పొగాకు డబ్బుల్లోంచి ఆరు వందలు ఇచ్చాడు. "వాచీ కొనుక్కోరా" అన్నాడు, అంతే. ఒంగోలు వెళ్ళి బంగారు రంగు క్వార్ట్జ్ వాచీ, అంటే సెల్‌తో నడిచేది, కొన్నాను. ఆ ఏడాది మన ప్రకాశం జిల్లా మొత్తంలో నా అంత గొప్పోడు లేడనుకున్నాను. నాలుగు రోజులు పెట్టుకున్నానో లేదో, బస్సు కిటికీకి తగిలి అద్దం మీద సన్నటి గీత పడింది. ప్రాణం పోయినంత పనైంది. ఇంటికొచ్చి దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, బీరువాలో బట్టల కింద దాచేశాను. మంచి రోజులకు పెట్టుకుందామని.

సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా తాతయ్య అరుగు మీద నుంచి "టైమెంతయిందిరా?" అని అడిగేవాడు. నేను లోపలికి తొంగి చూసి గోడ గడియారంలో ఉన్నది చెప్పేవాణ్ణి. ఆయనకు ఎండ చూసి టైము చెప్పడం వచ్చు, అయినా నన్నే అడిగేవాడు. చాదస్తం అనుకున్నాను. మూడేళ్ళు అలాగే అడిగాడు. నేను ఒక్కసారి కూడా మణికట్టు వైపు చూడలేదు.

1993లో ఆయన పోయాడు. పెద్దకర్మ రోజు పెట్టుకుందామని డబ్బా తీశాను. ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. సెల్ కారి, లోపలంతా పచ్చటి పొడి పట్టింది. రిపేరు అతను కంటికి అద్దం పెట్టుకుని చూసి, మెషీన్ మొత్తం మార్చాలన్నాడు. మార్పించాను. ఇప్పటికీ నడుస్తోంది కానీ లోపల తిరిగేది తాతయ్య కొనిచ్చింది కాదు. పైన కేసు, అద్దం మాత్రమే ఆయనవి, ఆ గీతతో సహా. ఇప్పుడు ఆ గీత మీద వేలు పెట్టుకుని చూసుకుంటూ ఉంటాను, నవ్వకు.

అందుకే సెల్ వాచీ కొంటే, ముల్లు ఆగిన వారంలోపే పాత సెల్ తీయించు. నన్నడిగితే ఆటోమేటిక్ కొను. చెయ్యి కదిలితేనే అది నడుస్తుంది, పక్కన పెడితే ఒకటి రెండు రోజుల్లో ఆగిపోయి నిన్ను నిలదీస్తుంది. నాలుగైదేళ్ళకోసారి విప్పించి నూనె వేయించాలి, ఆ ఖర్చు నాది. తేదీ ఉన్నదైతే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా ఆ తేదీ తిప్పొద్దు, లోపల చక్రాల పళ్ళు దెబ్బతింటాయి. గీతలు పడతాయి, పడనీ. చైను ఉన్నది కొంటే నీ చేతికి నాలుగు లింకులు తీయాల్సొస్తుంది, ఎంత సన్నబడ్డావే, అసలు తింటున్నావా? ఆ తీసిన లింకులు పారేయకు. రేపు నీ పిల్లల చెయ్యి ఎంత ఉంటుందో ఏం తెలుసు?

కొనే రోజుకి రెండు రోజుల ముందు చెప్పు. అమ్మమ్మను నేనే బెజవాడ తీసుకొస్తాను, ఆవిడ చూస్తుండగానే చేతికి పెట్టుకుందువు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా, మెట్లు లేని షాపు చూసి పెట్టు.

మీ మామయ్య