ఏడవట్లేదంటే కడుపు నిండినట్టేనా?

ప్రశ్న: నా వయసు 24. తొలి కాన్పు, సిజేరియన్ అయింది. బాబు నెలలు నిండాకే పుట్టాడు, పుట్టినప్పుడు 2.9 కిలోలు. నాలుగో రోజు డిశ్చార్జి చీటీలో 2.68 అని రాశారు. ఇప్పుడు 18 రోజులు. నిన్న మా వీధి మెడికల్ షాపులో తూస్తే 2.75 ఉన్నాడు. నా పాలే ఇస్తున్నాను. బాబు చాలా బుద్ధిమంతుడు, అసలు ఏడవడు. రాత్రి పదింటికి పడుకుంటే తెల్లవారుజామున నాలుగింటి దాకా లేవడు. పాలు చాలడం లేదని అమ్మ, అత్తయ్య ఇద్దరూ అంటున్నారు. షాపతను పాలు పడటానికి మాత్రలిస్తే నాలుగు రోజులుగా వేసుకుంటున్నాను. బాబుకు పొట్ట ఉబ్బరంగా ఉందని గ్రైప్ వాటర్ పోస్తున్నాం, మాటలు బాగా వస్తాయని అమ్మ వస కూడా అరగదీసి బాబు చేత నాకిస్తోంది. ఏ కంపెనీ పాలపొడి మంచిది? 21వ రోజు బారసాల అయ్యాక అత్తగారి ఊరు వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఇంత రాశారు గానీ నాకు కావాల్సిన ఒక్క ముక్క రాయలేదు. బాబు రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నాడు? పాలపొడి పేరు కన్నా నాకు ఆ లెక్క ముఖ్యం.

బిడ్డను చూడకుండా జబ్బు ఇదీ అని చెప్పలేను. కానీ మీరిచ్చిన అంకెలు నాకు నచ్చలేదు. పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లో బిడ్డ కొంత తగ్గడం మామూలే. ఒంట్లో నీరు పోతుంది, నల్లటి తొలి మలం పోతుంది. ఏడెనిమిది శాతం దాకా తగ్గితే గమనిస్తూ ఉంటాం, పది శాతానికి వస్తే ఊరుకోం. మీ బాబు 220 గ్రాములు తగ్గాడు, అంటే ఏడున్నర శాతం. అక్కడి దాకా సరే. ఆ తర్వాత పదో రోజుకో, మహా అయితే పద్నాలుగో రోజుకో పుట్టిన బరువుకు తిరిగి రావాలి, అక్కడి నుంచి రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. మీ వాడు పదమూడు రోజుల్లో పెరిగింది 70 గ్రాములు. రోజుకు ఐదు గ్రాములు! అది కూడా మెడికల్ షాపు త్రాసు మీద. టోపీ, స్వెట్టరు, డైపరుతో సహా తూచి ఉంటే అందులో వంద గ్రాములు బట్టలవే. అసలు పెరిగాడా, ఇంకా తగ్గాడా అన్నది కూడా అనుమానమే. పద్దెనిమిదో రోజుకూ పుట్టిన బరువు అందుకోలేదంటే ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసే సంగతి కాదు. ఇది చదవగానే, ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక ‘బుద్ధిమంతుడు, ఏడవడు’ అన్న మాట. ఈ మాట వింటే నాకు కంగారు పుడుతుంది. కొన్నేళ్ల క్రితం సంగతి. ఓపీ అయిపోయే వేళకు ఒక పెద్దావిడ మనవణ్ణి తెచ్చారు. తొమ్మిదో రోజు. కాస్త పసిరికలు కనిపిస్తున్నాయని తెచ్చారంతే. “మా వాడు బంగారం డాక్టరుగారూ, లేపితే గానీ పాలు అడగడు” అని మురిసిపోతున్నారు. మూడు పొరల దుప్పటి విప్పితే లోపల తొడల చర్మం ముసలివాళ్ల చేతిలా ముడతలు పడి ఉంది. డైపరు మీద ఇటుకపొడి రంగు మరక. నాలుక ఎండిపోయింది. పుట్టినప్పుడు మూడు కిలోలు, ఆ రోజు రెండూ నాలుగు వందలు. రక్తంలో సోడియం 145 దాటకూడదు, ఆ బిడ్డకు 165 ఉంది. తల్లిపాలు తగినంత అందకపోతే ఒంట్లో నీరు తగ్గి ఉప్పు పేరుకుంటుంది. దాన్ని గబగబా దించడానికీ లేదు, మెదడు వాస్తుంది. గంటగంటకీ లెక్క చూసుకుంటూ రెండు రోజుల పాటు దించాం. బాబు కోలుకున్నాడు. ఆ పెద్దావిడ మాత్రం ‘ఏడవలేదే, ఏడవలేదే’ అంటూనే ఉన్నారు. ఏడవడానికి వాడికి ఓపిక ఏది?

మీ బాబు పరిస్థితి అదే అని అనడం లేదు, భయపడకండి. కానీ బరువు పెరగని బిడ్డ రాత్రి ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోతే దాన్ని మంచి నిద్ర అనుకోకూడదు. ఆకలితో నీరసపడ్డ బిడ్డ నిద్రే పోతాడు. నిద్రపోతే పాలు తాగడు, తాగకపోతే ఇంకా నీరసం.

మూత్రం లెక్క ఎలాగంటే, డైపరు పక్కన పెట్టి పాత చీర గుడ్డలు కట్టండి. ఇప్పటి డైపర్లు నాలుగైదు సార్లు పోసినా పొడిగానే కనిపిస్తాయి, ఒక్కసారీ పోయకపోయినా పొడిగానే ఉంటాయి. ఐదారు రోజులు దాటిన బిడ్డ రోజులో ఆరు సార్లకు తగ్గకుండా గుడ్డ తడపాలి, మూత్రం తెల్లగా ఉండాలి. ఈ వయసులో పసుప్పచ్చ విరేచనం కూడా రోజుకు మూడు నాలుగు సార్లవుతుంది, కొంతమందికి పాలు తాగిన ప్రతిసారీ. ఇవి తక్కువైతే లోపలికి వెళ్లేది తక్కువనే అర్థం. అయితే ఈ లెక్క తేలే దాకా ఆగి అప్పుడు బయల్దేరదామనుకోకండి. లెక్క ఒక పక్క, డాక్టరు దగ్గరకు వెళ్లడం ఒక పక్క.

ఇప్పుడు మీరు వేసుకుంటున్న మాత్ర. పేరు రాయలేదు. షాపుల్లో సాధారణంగా చేతిలో పెట్టేది డోంపెరిడోన్. అది అసలు వాంతుల మందు. పాలు ఊరే హార్మోనును పెంచుతుంది కాబట్టి కొందరు తల్లులకు మేమూ రాస్తాం, కాదనను. కానీ రాసే ముందు గుండె జబ్బు ఉందా, ఇంట్లో ఎవరికైనా గుండె లయ తప్పే సమస్య ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడిగి రాస్తాం. కొన్ని యాంటీబయాటిక్స్‌తో, ఫంగస్ మందులతో కలిస్తే అది గుండె లయను దెబ్బతీయవచ్చు. మీకు సిజేరియన్ అయి మూడు వారాలు కాలేదు, ఏ యాంటీబయాటిక్ వాడారో షాపతను అడిగాడా? అడిగి ఉండడు. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి మీ కేస్‌షీటు ఏం తెలుసు? పైగా బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టి ఖాళీ చేయకపోతే ఏ మాత్రా పెద్దగా పనిచేయదు. బావిలో నీరు తోడితేనే ఊరుతుంది. మాత్ర ఆపేసి, స్ట్రిప్పు మీ గైనకాలజిస్టుకు చూపించి, ఆవిడ చెప్పినట్టు చేయండి.

గ్రైప్ వాటర్ సంగతి నేను ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మళ్లీ రాస్తున్నాను. ఆరు నెలల దాకా తల్లిపాలు తాగే బిడ్డకు మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఇక సోడా ఉప్పు, పంచదార, ఏదో వాసన నూనె కలిపిన నీళ్లెందుకు? ఒక్కో కంపెనీది ఒక్కో రకం. మీ బాబు పొట్టలో ఒకసారికి పట్టేదే తక్కువ, అందులో చెంచాడు తీపినీళ్లు పోస్తే ఆ మేరకు పాలు తగ్గుతాయి. బరువు పెరగని బిడ్డకు ఆ చెంచా కూడా నష్టమే. పాలు తాగాక బిడ్డ పొట్ట కాస్త ఉబ్బెత్తుగా కనపడటం ఉబ్బరం కాదు, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చే దాకా వీపు నిమిరితే చాలు.

వస కూడా అంతే. మనవడు వసపిట్టలా మాట్లాడాలని మీ అమ్మగారికి ఉండటం సహజమే, మా అమ్మమ్మా నాకు నాకించిందట. కానీ వస కొమ్ములో ఉండే పదార్థాలు పసివాళ్లకు వాంతులు, మత్తు తెచ్చే ప్రమాదం ఉంది. అరగదీసే రాయి, ఆ నీళ్లు ఎంత శుభ్రమో చెప్పక్కర్లేదు. ఆరు గంటలు లేవకుండా పడుకుంటున్నాడని మీరే రాశారు. అందులో వస వంతు ఎంతో నేను చెప్పలేను, కానీ ఇవాళ్టి నుంచి ఆపేయండి. మీరు రాయలేదు గానీ తేనె, ఆముదం కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుక మీద చుక్క కూడా వేయకూడదు, అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి వల్ల పసివాళ్లకు కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు.

పాలు ‘చాలడం లేదు’ అన్నారు సరే, రొమ్ము ఎలా పట్టిస్తున్నారో ఎవరైనా చూశారా? నా దగ్గరికి వచ్చే ఇలాంటి తల్లుల్లో చాలామందికి పాలు పడక కాదు, బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుని చీకడం వల్ల పాలు అందవు. చనుమొనలు పగిలి నొప్పి పుడుతున్నా అనుమానం దాని మీదికే పోవాలి. బిడ్డ నోరు పెద్దగా తెరిచాక, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి, ముఖ్యంగా కింది వైపుది. గడ్డం రొమ్మును తాకాలి, కింది పెదవి బయటికి విచ్చుకోవాలి. చెవి పెట్టి వింటే ఒకటి రెండు చీకుళ్లకు ఒక గుటక వినపడాలి. బుగ్గలు లోపలికి గుంటలు పడుతూ ‘చప్ చప్’మని చప్పుడు వస్తే సరిగ్గా పట్టలేదన్నమాట. అప్పుడు మీ చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద, కాళ్లు మీ వీపు వైపుకు వచ్చేలా పెట్టుకుంటే సిజేరియన్ అయినవాళ్లకు సుఖంగా ఉంటుంది.

రెండు, రెండున్నర గంటలకోసారి, రాత్రి కూడా లేపి పట్టండి. ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. పాలు ఊరే హార్మోను రాత్రే ఎక్కువ, మీరు వదిలేస్తున్నది సరిగ్గా ఆ వేళే. లేవకపోతే దుప్పటి తీసేయండి, అరికాలు గీకండి, గుడ్డ మార్చండి. ఒక వైపు పూర్తిగా తాగి వదిలాకే రెండో వైపు. తర్వాత మిగిలిన పాలు చేత్తో పిండి, ఉడికించిన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టండి. పాలసీసా వద్దు.

పాలపొడి పేరు చెప్పను. మొండితనం కాదు. శిశువుల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, అది ఊరికే పెట్టలేదు. అలాగని పాలపొడి విషం అనీ అనను. బిడ్డను తూచి, చూసి, అవసరమైతే మీ డాక్టరే కొన్ని రోజులకు ఇంత అని కొలత రాసిస్తారు, తల్లిపాలు పెరిగాక తగ్గిస్తారు. బరువు ఇంకా పడిపోతుంటే ఆకలితో ఉంచమని ఏ పిల్లల డాక్టరూ చెప్పడు. డబ్బా నెలంతా రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచడం, ఆవుపాలలో సగం నీళ్లు పోయడం మాత్రం చేయకండి. శక్తి అందదు, ఒంట్లో ఉప్పు పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

పాలు తక్కువ అందడం ఒక్కటే కారణం అనీ అనుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, గుండెలో లోపం (పాలు తాగుతూ నుదురు చెమటలు పట్టడం, రెండు గుక్కలకే అలసిపోవడం), థైరాయిడ్, నాలుక కింద పొర అతుక్కుని ఉండటం ఇవన్నీ డాక్టరు చూసి తేల్చాల్సినవి. మీక్కూడా రక్తహీనత, థైరాయిడ్ ఏమైనా ఉన్నాయేమో చూపించుకోండి. పత్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టి, చెంబుడు నీళ్లు తాగనివ్వకుండా కూర్చోబెట్టి ఉంటే ఆ పత్యం ఇవాళ్టితో చాలు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ తినండి, దాహం వేసినన్ని నీళ్లు తాగండి. పండు తింటే బిడ్డకు జలుబు చేయదు.

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా మామూలు ఓపీ కోసం చూడకుండా నేరుగా నవజాత శిశువుల వార్డున్న ఆస్పత్రికి పరుగెత్తండి, 108కి ఫోన్ చేయండి: పాలు తాగడం మానేయడం, లేపినా లేవకపోవడం, ఒళ్లు వేడిగా గానీ చల్లగా గానీ ఉండటం, నిమిషానికి 60కి మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, అరిచేతులు అరికాళ్ల దాకా పసుపు రంగు, మాడు గుంట పడటం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం.

బారసాల ఇంట్లో నలుగురితో చేసుకోండి, బిడ్డను చేతులు మార్చి ముద్దులాడనివ్వకండి. ప్రయాణం ఇప్పుడే వద్దు. కనీసం వరసగా రెండు సార్లు తూచినప్పుడు బరువు పెరిగిందని తేలి, మీ డాక్టరు సరేనన్నాకే. మీ ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, రాకపోతే ఫోన్ చేసి పిలవండి. బరువు ప్రతిసారీ ఒకే త్రాసు మీద, బట్టలూ డైపరూ లేకుండా తూపించి, తల్లీబిడ్డల కార్డులో తేదీతో రాయించండి. పక్కింటి డబ్బాపాల బిడ్డతో పోల్చకండి, కార్డులోని ఎదుగుదల గీతతో పోల్చండి.

ఇవాళ వెళ్లేటప్పుడు డిశ్చార్జి చీటీ, మీ మాత్రల స్ట్రిప్పు, ఆ గ్రైప్ వాటర్ సీసా, వస కొమ్ము కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. ‘ఏమీ పోయలేదు డాక్టరుగారూ’ అని మాత్రం అనకండి. అత్తయ్య వచ్చినా, అమ్మ వచ్చినా సరే, పోసింది పోసినట్టు చెప్పండి.