ముసలి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి మా అల్లునికి
అల్లుడా,

మొన్న ఫోన్ల చెప్పినవ్ గదా, పొద్దున గేర్ డి ల (ముందుకు పోయేదాంట్ల) ఏస్తే రెండు సెకన్లు ఆగి ధడ్‌మని పడుతుందని, మియాపూర్ నుంచి గచ్చిబౌలి పోయేసరికి ఆర్‌పీఎం (ఇంజిన్ తిరుగుడు) లేస్తది గని బండి లేవదని. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఒక్కసారి కూడా గేర్ ఆయిల్ మార్చలేదంటివి, ఇగ అదేం చేస్తది పాపం. లోపల అరిగిన క్లచ్ ప్లేట్లు మళ్ల మొలవయి, ఆ ఆశ పెట్టుకోకు. వేడి తగ్గిస్తే మాత్రం ఉన్నవాటితోనే ఇంకొంత దూరం లాగొచ్చు.

మాన్యువల్ బండిల ఆయిల్ అరుగుడు ఆపుతది, అంతే. దీంట్ల అట్ల కాదు, ఆ ఎర్ర ఆయిలే టార్క్ కన్వర్టర్‌ల, అంటే ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌కు నడుమ ఉండే డబ్బాల, ఇంజిన్ బలాన్ని మోస్తది, అదే ప్రెషర్‌తోని క్లచ్ ప్లేట్లను నొక్కిపడతది, అదే వేడిని బయటికి తెస్తది. 80, 90 డిగ్రీల కాడ సుఖంగ ఉంటది, 120 దాటిందంటే మాడుడు షురూ, సీళ్లు గట్టిపడుతయి. బయోడైవర్సిటీ సిగ్నల్ కాడ డి ల పెట్టి బ్రేక్ తొక్కి కూసుంటవ్ సూడు, కన్వర్టర్ల ఒక పక్క తిరుగుతుంటది ఇంకోపక్క ఆగి ఉంటది, కవ్వంతోని చిలికినట్టే, ఆ చిలుకుడంతా వేడే. మే నెల ఎండల ఏసీ పెట్టుకోని గంటసేపు అట్ల పోతే ఇగ చెప్పనక్కర్లే.

ముందుగాల ఆయిల్ చూడు. బండి బాగ వేడెక్కినంక, చదునుగ ఉన్నకాడ, ఎక్కువ బండ్లకు ఇంజిన్ నడుస్తుండంగ పి ల (పార్కింగ్‌ల) పెట్టి డిప్‌స్టిక్, అదే ఆయిల్ కొలిచే పుల్ల, చూడాలె, హోండా ఆటోమేటిక్‌లకైతే ఇంజిన్ బంద్ చేసి చూస్తరు. కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు, ర్యాంప్ ఎక్కించి స్కానర్‌ల టెంపరేచర్ చూసుకుంట కింద ప్లగ్ తీసి చూడాల్సిందే. ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వెయ్యి. ఎరుపో లేత గోధుమ రంగో అయితే పర్లేదు. నల్లగయ్యి మాడిన పోపు వాసన వస్తే ప్లేట్లు కాలినయని అర్థం.

అప్పుడు షెడ్డోడు మిషన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేద్దాం సార్ అంటడు. వద్దు. ఏండ్ల తరబడి మార్చని గేర్‌బాక్స్‌ల పేరుకున్న మురికి ఒక్కసారి కదిలితే పోయి వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ గేరుకు పంపాల్నో చూసే భాగం) సన్న దారులల్ల ఇరుక్కుంటది, నేను కళ్లార చూసిన. డ్రెయిన్ ప్లగ్ తీస్తే చాలా బండ్లల్ల మూడు నాలుగు లీటర్లే వస్తది, మిగిలింది కన్వర్టర్ల ఉండిపోతది. ఉండనీ. వచ్చినంత కొలిచి అంతే పొయ్యి, వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక మళ్లొకసారి, తర్వాత ఇంకోసారి. మెల్లగ మారుతది. నీ బండికి గేర్‌బాక్స్ కింది చాంబర్ (ఆయిల్ నిలిచే తట్ట) విప్పే వీలుంటే ఫిల్టర్ మార్పించు, అయస్కాంతాలు తుడిపించు. వాటి మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే, ముక్కలు దొరికితే నాకు ఫోన్ చెయ్యి.

ఆయిల్ అంటవా, బండితోని వచ్చిన బుక్కుల ఏది రాస్తే అదే. టొయోటాకు డబ్ల్యుఎస్, హోండాకు డిడబ్ల్యు-1, ఇట్ల ఒక్కోదానికి ఒక్కోటి, మోడల్‌ను బట్టి కూడ మారుతది. సీవీటీ (గేర్లకు బదులు ఎక్కువగ బెల్టు మీద నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే వేరు. అన్నిటికీ నడుస్తదని చెప్పే డబ్బా ముట్టుకోకు. రాణిగంజ్‌ల కొన్నా సీల్ చూసుకో, బిల్లు అడుగు.

ఇప్పుడు అసలు ముచ్చట, రేడియేటర్. చాలా బండ్లల్ల గేర్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ ట్యాంకుల ఉన్న చిన్న కూలర్‌లనే. నా పాత బండిల బోరు నీళ్లు పోసుకుంటనే పోయిన, బద్ధకం, కూలెంట్‌కు (రేడియేటర్‌ల పోసే రంగు నీళ్లకు) పైసలెందుకని. లోపల తుప్పు పట్టి కూలర్ చిల్లు పడ్డది, కూలెంట్ పోయి గేర్ ఆయిల్‌ల కలిసింది, డిప్‌స్టిక్ తీస్తే గులాబీ రంగు మిల్క్‌షేక్. నీళ్లు తగిలితే ప్లేట్ల మీది లైనింగ్ ఊడొస్తది. ఆ గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సొచ్చింది, మీ అత్త ఇప్పటికీ గుర్తు చేస్తది. అందుకే కంపెనీ చెప్పిన కూలెంటే పొయ్యి, రేడియేటర్ పాతదైతే గేర్‌బాక్స్ కంటే ముందు దాన్ని మార్చు. రేడియేటర్ ముందల ఉండే ఏసీ కండెన్సర్‌ల ఇరుక్కున్న దుమ్ము మెల్లటి నీళ్ల ధారతోని కడిగించు, ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడు.

ఇంత చేసినా వేడి ఆగకుంటే బయట ఇంకో కూలర్ పెట్టిద్దాం, రేడియేటర్ కూలర్ నుంచి వాపస్ వచ్చే లైన్‌ల. పైపు గేర్ ఆయిల్‌కు పనికొచ్చేదే వెయ్యాలె, పెట్రోల్ పైపు తెచ్చి తగిలిస్తే ఊకోకు. ఆ కూలర్‌ను కండెన్సర్ రెక్కలల్లకెల్లి ప్లాస్టిక్ టై దూర్చి కడితే రాసుకుపోయి చిల్లు పడుతది, బ్రాకెట్ వెయ్యమను.

నడిపేటప్పుడు జూబ్లీహిల్స్ ఎక్కుల మీద యాక్సిలరేటర్‌తోని బండిని ఆపి పట్టుకోకు, బ్రేక్ తొక్కు. రెండు నిమిషాల సిగ్నలైతే ఎన్ ల (న్యూట్రల్‌ల) ఎయ్యి, చిన్నదైతే డి లనే ఉండనీ, మాటిమాటికి మార్చినా ప్లేట్లకు దెబ్బే. శ్రీశైలం ఘాట్ ఇప్పుడే వద్దు, అమ్మను బస్సుల తీస్కపో. వానల మోకాలు లోతు నీళ్లల్ల దింపకు, గేర్‌బాక్స్ గాలి పైపులకెల్లి నీళ్లు పోతయి. బండి ఆగిపోతే తాడు కట్టి గుంజనియ్యకు, ఇంజిన్ నడవకుంటే లోపలి పంపు ఆయిల్ కొట్టదు, బండిని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీని పిలు.

ఆదివారం పొద్దుగాల నడుపుకుంటనే రా, వేడి మీదనే లెవెల్ చూడాలె. ఒక తెల్ల గుడ్డ తెచ్చుకో, పోయినసారి మీ అత్త కొత్త తువ్వాలకు తుడిచినవ్.

మామయ్య