అమీర్‌పేటలో గేటు రెండోసారి తెరుచుకోలేదా?

హైదరాబాద్ మెట్రోలో హైటెక్ సిటీ దాకా టికెట్ తీసుకున్నా, మధ్యలో రైలు మారే అమీర్‌పేటలో గేటు మళ్లీ తెరుచుకోలేదన్నారు కదా, తప్పు ఫోన్‌లోని క్యూఆర్ టికెట్‌ది కాదు. మీరు అక్కడ బయటికొచ్చేశారు. బయటికి స్కాన్ చేశారంటే ఆ టికెట్ పని అయిపోయినట్టే.

1. కర్నూలు బస్సు దిగాక ఎంజీబీఎస్ మెట్రోలో మియాపూర్ వైపు రెడ్ లైన్ ఎక్కండి.

2. అమీర్‌పేటలో దిగగానే చాలామంది గేట్ల వైపు పోతుంటారు. వాళ్ల వెంట పోవద్దు, పొరపాటు జరిగేది ఇక్కడే. గేటు దాటకుండా లోపలే రాయదుర్గం (హైటెక్ సిటీ వైపు) బోర్డులు చూసుకుంటూ బ్లూ లైన్ ప్లాట్‌ఫారానికి వెళ్లండి. ఫోన్ జేబులోనే ఉండనీయండి. (మొదటిసారి నేనూ ఉల్లిగడ్డల సంచితో అక్క ఇంటికి పోతూ ఇలాగే బయటపడి, ఇంకో టికెట్ కొన్నా.)

3. హైటెక్ సిటీలో దిగాకే స్కాన్ చేయండి.