మా అబ్బాయి డేగని పెంచుతానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పైన జంతువులూ పక్షుల మీదే, అందులోనూ ఎక్కువ అమెరికాలో ఉన్నవాళ్లవే. అందుకని మిగతావి వచ్చే నెలకి నెట్టేసి ఇవే తీసుకున్నా. అక్కడ ఏ జంతువుని ఇంట్లో పెట్టుకోవచ్చో ఏది కూడదో చాలావరకు స్టేట్ స్టేట్‌కీ మారిపోతుంది, పక్క స్టేట్‌లో మీ ఫ్రెండ్ పెంచుతున్నాడు కదా అని మీరు తెచ్చేసుకుంటే కుదరదు. ఈ ఒక్క ముక్క ముందే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మాష్టారూ, మేము కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఉంటాం. మా బాబుకి పదమూడేళ్లు. ఏదో వీడియో చూశాడు, అప్పట్నుంచి చేతి మీద డేగని కూర్చోబెట్టుకుని తిరగాలని ఒకటే గొడవ. లీగలే అమ్మా, పన్నెండేళ్లు దాటితే చాలు అంటాడు. నిజమేనా? పైగా మేము ప్యూర్ వెజిటేరియన్.

జవాబు: నిజమేనమ్మా, మీవాడు బాగానే చదివాడు. హవాయి ఒక్కటి తప్ప మిగతా 49 స్టేట్స్‌లోనూ డేగవేట, అంటే డేగని పెంచి దానితో వేటాడించడం, లీగలే. ఇదివరకు ఫెడరల్ పర్మిట్ ఒకటి, స్టేట్‌ది ఒకటి, రెండూ కావాల్సొచ్చేవి, 2014 జనవరి 1 నుంచి ఫెడరల్ పర్మిట్ తీసేసి మొత్తం స్టేట్స్ చేతిలో పెట్టారు, కాకపోతే ఫెడరల్ వాళ్లు పెట్టిన కనీస రూల్స్ కంటే ఏ స్టేటూ తగ్గడానికి లేదు, కావాలంటే ఇంకా గట్టిగా పెట్టుకోవచ్చు. మీ దగ్గర లైసెన్స్ ఇచ్చేది కాలిఫోర్నియా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్. పన్నెండేళ్లు నిండితే అప్రెంటిస్‌గా అప్లై చెయ్యొచ్చు (అది మొదటి లెవెల్, దాని పైన జనరల్, ఆ పైన మాస్టర్), మైనర్ కాబట్టి మీరో మీవారో సంతకం పెట్టాలి.

కానీ అసలు కథ సంతకం తర్వాతే. మొదట ఒక గురువు దొరకాలి, స్పాన్సర్ అంటారు. జనరల్ లెవెల్లో కనీసం రెండేళ్ల అనుభవం ఉన్న మనిషో, మాస్టర్ లెవెల్ మనిషో అయుండాలి, ఆయన కూడా ఒకేసారి ముగ్గురికి మించి శిష్యుల్ని పెట్టుకోకూడదు, అందుకని గురువుని వెతుక్కోవడంలోనే కొన్ని నెలలు పోయినా ఆశ్చర్యం లేదు. తర్వాత రాత పరీక్ష, 80 శాతం వస్తేనే పాస్. తర్వాత మీ పెరట్లో డేగకి గది కట్టాలి, కుక్కలూ పిల్లులూ రకూన్లూ రాకుండా, ఎండా వానా తగలకుండా, రెక్కలు చాపుకుంటే గోడకి తగలనంత జాగాతో. అది, కాలికి కట్టే తోలు పట్టీలు, నీళ్ల తొట్టి, తూకం మిషను, అన్నీ రెడీ అయ్యాక ఆఫీసు మనిషి వచ్చి చూసి ఓకే అంటేనే లైసెన్స్.

తూకం మిషను ఎందుకంటారా, మొత్తం విద్య దాని మీదే ఉందమ్మా. డేగ ప్రేమతో తిరిగి రాదు, ఆకలితో వస్తుంది. రోజూ పొద్దున్నే తూచాలి. కెస్ట్రెల్ అని చిన్న డేగ ఉంటుంది, దాని బరువే వంద గ్రాములు కాస్త పైన, అందులో నాలుగైదు గ్రాములు ఎక్కువైతే చెట్టెక్కి కూర్చుని మీవాడి వంక చూడను కూడా చూడదు, అదే నాలుగైదు గ్రాములు తగ్గితే ప్రాణానికే మోసం. సెలవులకి ఇండియా వెళ్తాం, పక్కింటివాళ్లు చూసుకుంటారులే అనడానికి ఇది తులసి మొక్క కాదు కదా.

ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నది ఇంకో విచిత్రం. అప్రెంటిస్‌లు చాలామంది రెడ్ టెయిల్ హాక్‌నే పట్టుకుంటారు, అదీ అడవిలో తిరుగుతున్నదాన్ని, లైసెన్సుతో. గూట్లోంచి పిల్లని తీయకూడదు, ఏడాది నిండినదాన్ని పట్టకూడదు. వయసు ఎలా తెలుస్తుందంటే తోక చూసి చెప్తారు: పేరుకి రెడ్ టెయిల్ కానీ మొదటేడు తోక గోధుమ రంగులో అడ్డ చారలతో ఉంటుంది, ఎరుపు వచ్చేది రెండో ఏటే, కాబట్టి వలలో పడ్డదానికి ఎర్ర తోక ఉంటే అక్కడికక్కడే వదిలెయ్యాలి. ఇక ఆ వల పేరు వింటే మీకు నవ్వొస్తుంది, బాల్ ఛత్రీ! మన దేశంలో పిట్టలు పట్టేవాళ్లు కనిపెట్టిందే, బోర్లించిన బుట్టలాంటి పంజరం లోపల ఎలుక, పైనంతా ఉచ్చులు, అప్పట్లో గుర్రపు వెంట్రుకలతో వేసేవారు ఇప్పుడు నైలాన్‌తో వేస్తున్నారు. అమెరికాలో రోడ్ల పక్కన డేగల కోసం ఇప్పటికీ అదే పెడతారు, పేరు కూడా మార్చలేదు. డేగ కాలికి కట్టే మువ్వల్లో కూడా లాహోర్ మువ్వలంటే వాళ్లకి భలే గిరాకీ. (మనకి మాత్రం డేగవేట అంటే చరిత్ర పుస్తకమే. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల పేరులో సాళువ అంటే వేట డేగేనని ఎంతమందికి తెలుసు? దుబాయ్‌లో ఉన్న మనవాళ్లనడిగితే అక్కడ డేగలకి పాస్‌పోర్టులే ఉంటాయని చెప్తారు.)

పట్టిన పది రోజుల్లోపు రిపోర్ట్ ఎక్కించాలి. అప్రెంటిస్‌కి ఒక్క పక్షే. అడవిలో పట్టినదాన్ని అమ్మకూడదు, కొనకూడదు. రెండేళ్లు, ఏడాదికి కనీసం నాలుగు నెలలు దానితో వేటాడిస్తేనే ఆ పై లెవెల్, దానికి పదహారేళ్లు నిండాలి. గమనించారా, వేటాడిస్తేనే. ఊరికే పెంచుకుని ఫొటోలు దిగుతానంటే ఈ లైసెన్స్ దానికోసం కాదు, అందుకే హంటింగ్ లైసెన్స్ కూడా అడుగుతారు.

ఇక మీ వెజిటేరియన్ సంగతి. డేగ పెరుగన్నం తినదమ్మా. చచ్చిన ఎలుకలూ కంజు పిట్టలూ ఒకరోజు కోడిపిల్లలూ ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉంటాయి, పొద్దున్నే ఒకటి బయట పెట్టి కరగనిచ్చి కత్తిరించి పెట్టాలి. మీ ఆవకాయా ఇడ్లీ పిండీ ఉండే ఫ్రిజ్‌లో అవి చూడగలరా? గరాజ్‌లో వేరే ఫ్రీజర్ పెట్టుకుంటారు చాలామంది. నా మాటంటే, వద్దనకండి, ముందు ఒక సీజన్ ఎవరైనా ఫాల్కనర్ (డేగతో వేటాడించే మనిషి) వెంట ఊరికే వెళ్లి చూడమనండి, అలా వెళ్లడానికి లైసెన్స్ అక్కర్లేదు. పొద్దున్నే ఐదింటికి లేచి చలిలో పొదలు తడుముతూ కుందేలుని లేపడం, డేగ దాన్ని పట్టాక ఆ రక్తం చూడటం, ఇవన్నీ అయ్యాక కూడా కావాలంటే అప్పుడు వాడికి నిజంగానే కావాలన్నమాట.

ప్రశ్న: టెక్సాస్ నుంచి బే ఏరియాకి జాబ్ మారుతున్నాం. పాప దగ్గర హెడ్జ్‌హాగ్ (ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువు) ఉంది, రెండేళ్ల నుంచి పెంచుతోంది. కార్లో తీసుకెళ్లిపోవచ్చా?

జవాబు: తీసుకెళ్లకూడదండీ. టెక్సాస్‌లో ఓకే, కాలిఫోర్నియాలో కాదు. హెడ్జ్‌హాగ్, ఫెర్రెట్ (ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండేది), జెర్బిల్ (ఎలుకలాంటిది), షుగర్ గ్లైడర్ (చెట్టు మీంచి చెట్టుకి గాల్లో తేలే చిన్న జీవి), ఇవన్నీ అక్కడ పెట్‌గా పనికిరాని లిస్టులో ఉన్నాయి. మీరు అమ్మడానికి కాదు పెంచుకోడానికే అంటారు గానీ, రూల్ భాషలో స్టేట్ గీత దాటించడమే ఇంపోర్ట్, ఓడ మీద వచ్చినా ఒకటే మీ టొయోటాలో వచ్చినా ఒకటే. ఐ-10 హైవే మీద వస్తే స్టేట్ సరిహద్దులో బ్లైత్ దగ్గర అగ్రికల్చర్ ఇన్‌స్పెక్షన్ స్టేషన్ తగులుతుంది, పళ్లూ మొక్కలూ ఉన్నాయా అని అడిగేది అక్కడే, జంతువుల్ని కూడా చూస్తారు. దాటేసినా తర్వాత వెట్ (జంతువుల డాక్టరు) దగ్గరికి ఎలా తీసుకెళ్తారు? దొరికితే జంతువుని తీసేసుకుంటారు, ఫైన్ వేరే, పాప ఏడుపు దానికి అదనం.

ఇంత చిన్న జీవికి అంత భయమెందుకంటే, తప్పించుకుని ఆ చలి లేని వాతావరణంలో పిల్లల్ని పెట్టి పొలాల మీదా అక్కడి పిట్టల గుడ్ల మీదా పడతాయని. ఫెర్రెట్ సంగతైతే ఇంకా తమాషా, పెంచడం నిషేధం గానీ దాని తిండీ బోనులూ షాపుల్లో దర్జాగా అమ్ముతారు, ఎవరు కొంటున్నారో మరి. పెన్సిల్వేనియా, జార్జియా, హవాయి, న్యూయార్క్ సిటీల్లో కూడా హెడ్జ్‌హాగ్ కుదరదు, అట్లాంటా వెళ్లేవాళ్లూ కాస్త చూసుకోండి. మీరు మాత్రం టెక్సాస్‌లోనే నమ్మకమైనవాళ్లకి ఇచ్చేసి బయల్దేరండి. దారిలో ఎక్కడో వదిలేద్దాం అన్న ఆలోచన మాత్రం వద్దు.

ప్రశ్న: హవాయికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. హామ్‌స్టర్ కూడా తీసుకురాకూడదని ఆఫీసులో అన్నారు. ఎలుకంత ఉంటుంది, దానికి కూడానా? ఇది మరీ ఓవర్ కాదా?

జవాబు: ఓవర్ కాదండీ, వాళ్లు తిన్న దెబ్బలు అలాంటివి, పైగా ఆ దెబ్బల్లో మన ఊరి జీవులదే పెద్ద చెయ్యి.

1883లో చెరకు తోటల్లో ఎలుకలు ఎక్కువయ్యాయని జమైకా నుంచి 72 ముంగిసల్ని తెప్పించారు. ఆ జమైకా ముంగిసలు కూడా అంతకుముందు ఇండియా నుంచి పోయినవే. వచ్చాయి సరే, ఎలుకలేమో రాత్రి తిరుగుతాయి ముంగిసేమో పగలు తిరుగుతుంది, రెండూ ఎదురుపడేదే తక్కువ, ముంగిస హాయిగా నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు తినడం మొదలెట్టింది. అప్పుడు తెచ్చినవాటిని ఇప్పటికీ వదిలించుకోలేకపోతున్నారు. కవాయి దీవి మాత్రం ముంగిస బెడద లేకుండా బయటపడింది, అక్కడ రేవులో దిగిన బోనులోని ముంగిస కూలివాడి వేలు కొరికితే వాడు కోపంతో బోనుని నీళ్లలోకి తన్నేశాడని ఒక కథ చెప్పుకుంటారు. పురుగుల్ని తింటుందని మన గోరింకని కూడా ఆ శతాబ్దంలోనే పట్టుకెళ్లారు, ఇప్పుడు హొనొలులులో ఏ పార్కింగ్ లాట్‌లో చూసినా అదే అరుపు, కళ్లు మూసుకుంటే కాకినాడలో ఉన్నట్టుంటుంది. ముంగిసని తప్పించుకున్న కవాయిని రామచిలుక పట్టుకుంది. 1960ల్లో పంజరాల్లోంచి జారిన కాసిని ఇప్పుడు మందలు మందలై మొక్కజొన్నా లిచీ తోటలు కొరికి పారేస్తున్నాయి, రైతులు మొత్తుకుంటున్నారు. ఇన్ని చూశాక హామ్‌స్టర్‌ని ఎలా నమ్ముతారు చెప్పండి?

పాములైతే అసలు ఊసెత్తకూడదు. గ్వామ్ దీవిలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల సరుకులో ఒక జాతి పాము వచ్చి అడవి పిట్టల్ని దాదాపు ఊడ్చేసింది, అది తమకూ వస్తుందని హవాయికి నిద్ర లేదు. నిషేధించిన జంతువు దొరికితే 2 లక్షల డాలర్ల దాకా ఫైన్, మూడేళ్ల దాకా జైలు. కానీ ఒక మంచి ఏర్పాటు ఉంది, ఎంక్వయిరీ మొదలవకముందే మీ అంతట మీరు తెచ్చి అప్పగిస్తే కేసు ఉండదు. వచ్చేటప్పుడు మొక్కలూ జంతువుల డిక్లరేషన్ ఫారం నింపాలి, నిజం రాయండి. కుక్కా పిల్లీ తెచ్చుకోవచ్చు గానీ రేబిస్ టీకాలూ రక్త పరీక్షా మైక్రోచిప్పూ అన్నీ ముందే అవ్వాలి, లేకపోతే 120 రోజులు క్వారంటైన్, కాబట్టి టికెట్ కొనకముందే వెట్ దగ్గరికి పరుగెత్తండి.

ప్రశ్న: అమ్మ ఒక్కర్తే ఉంటోంది తణుకులో, న్యూజెర్సీకి తెచ్చేసుకుంటున్నాం. పదేళ్ల నుంచి పెంచిన రామచిలుకని వదిలి రానంటోంది. ఏమైనా దారి ఉందా?

జవాబు: ఆవిడ బాధ అర్థమైంది బాబూ, కానీ దారి లేదు. మన రామచిలుకని పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, చిలక జోస్యం వాళ్లని పట్టుకునేది కూడా అందుకే. ఇండియా నుంచి బయటికి పంపడానికి పర్మిషన్ రాదు. వచ్చిందే అనుకోండి, బర్డ్ ఫ్లూ ఉన్న దేశాల పక్షులకి అమెరికాలో 30 రోజులు గవర్నమెంట్ క్వారంటైన్. అటవీ శాఖ వాళ్లకి అప్పగించడం ఒక్కటే పద్ధతి, పదేళ్లు పంజరంలో ఉన్నదాన్ని కిటికీ తెరిచి వదిలేస్తే సాయంత్రానికి కాకులు పొడిచేస్తాయి, అది మాత్రం చెయ్యొద్దని అమ్మకి గట్టిగా చెప్పండి. కాలిఫోర్నియా తీసుకెళ్లినప్పుడు బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక పూట ఆపండి. ఎవరో ఎప్పుడో వదిలిన మన చిలకలే అక్కడ చెట్ల నిండా గోల చేస్తుంటాయి, చూసుకుంటుంది.

ప్రశ్న: మా పెరట్లో గుడ్లగూబ పిల్ల పడింది. మా పిల్లలు పెంచుతామంటున్నారు. (డాలస్ నుంచి)

జవాబు: వద్దు. 1918 నాటి వలస పక్షుల చట్టం కిందకి వస్తుంది, పెంచడం కాదు కదా దాని ఈక ఏరుకుని దాచుకోవడం కూడా తప్పే. పిల్ల హుషారుగా ఉంటే కాస్త దూరంగా నిలబడి చూడండి, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. రక్తం గానీ వేలాడే రెక్క గానీ కనిపిస్తే అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచి లైసెన్స్ ఉన్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కి (దెబ్బతిన్న అడవి జీవుల్ని బాగుచేసేవాళ్లకి) ఫోన్ చెయ్యండి. పాలు మాత్రం పట్టకండి, నీళ్లు కూడా పొయ్యకండి.